డాగ్‌విల్: చివర్లో ఆ ఊరు కాలిపోతుంటే మీకూ ఊపిరి ఆడినట్టయిందా?

ఖమ్మం రాధిక (ప్రశ్న)

లార్స్ వాన్ ట్రియర్ తీసిన డాగ్‌విల్ గురించి అడుగుతున్నాను. 2003లో వచ్చింది. ముగింపుతో సహా అన్నీ రాస్తాను కాబట్టి చూడనివాళ్ళు చూశాకే చదవండి.

మా తమ్ముడు ఎప్పటినుంచో పోరుతున్నాడు, "అక్కా, ఇది నువ్వు చూడాల్సిన సినిమా" అని. నిడివి దాదాపు మూడు గంటలు. మొన్న శనివారం రాత్రి పిల్లలు పడుకున్నాక నేనూ, మా ఆయనా, తమ్ముడూ కూర్చున్నాం. మొదట్లో మా ఆయనకి అంతు పట్టలేదు. గోడల్లేవు, కొండల్లేవు, చెట్టన్నది లేదు. నల్లటి నేల మీద తెల్ల గీతలు గీసి, ఇది ఫలానావాళ్ళ ఇల్లు, ఇది ఎల్మ్ వీధి, ఇవి గూస్‌బెర్రీ పొదలు అని రాసిపెట్టారు. కుక్క కూడా నేలమీద గీసిన బొమ్మే, పేరు మోసెస్. మొరుగు మాత్రం వినపడుతుంది. "అసలు సినిమా ఎప్పుడు మొదలవుతుంది?" అని అడిగిన మనిషి, అరగంట తిరక్కుండా ఫోన్ పక్కన పడేసి ముందుకు వంగి కూర్చున్నాడు.

కథ టూకీగా చెప్తాను. 1930ల మాంద్యం రోజులు. అమెరికాలో రాకీ పర్వతాల మధ్య, రోడ్డు అంతమైపోయే చోట ఒక చిన్న ఊరు. గూండాల కార్లు తరుముతుంటే గ్రేస్ (నికోల్ కిడ్‌మన్) ఆ ఊళ్ళోకి వచ్చిపడుతుంది. టామ్ అనే కుర్రాడు తనను తాను రచయిత అనుకుంటూ ఉంటాడు, రాసిందేమీ లేదు. వాడు ఊరివాళ్ళని ఒప్పించి రెండు వారాలు గడువు ఇప్పిస్తాడు. ఊరికే ఉంచుకోవడం ఎందుకని ఆ అమ్మాయి ఇంటింటికీ వెళ్ళి పని అడుగుతుంది. "మాకేం పని లేదమ్మా" అంటారందరూ. అవసరం లేని చిన్న చిన్న పనులతో మొదలవుతుంది. కొన్నాళ్ళకి ఆ పనులు లేకపోతే ఇల్లు గడవదన్నట్టు అయిపోతుంది.

అత్యాచారం సీన్లు నేను నేరుగా చూడలేకపోయాను. కానీ ఆ రాత్రి నన్ను పడుకోనివ్వనిది మాత్రం ఊరి సమావేశం. గ్రేస్ బ్యాంకు దోపిడీల్లో ఉందని పోలీసులు పోస్టరు అంటించి పోతారు. అబద్ధమని ఊరందరికీ తెలుసు. ఆ దోపిడీలు జరిగినప్పుడు ఆమె వాళ్ళ కళ్ళెదుటే పని చేస్తోంది. అయినా "మాకు ప్రమాదం పెరిగింది కదా" అంటారు. ప్రమాదం పెరిగింది కాబట్టి పని పెరగాలి, కూలి తగ్గాలి. ఒక్కరూ గొంతు పెంచరు. టామ్ ఆ కబురు చాలా మొహమాటపడుతూ, ఆమె మంచి కోరినట్టే చెబుతాడు. ఇక అక్కణ్ణుంచి గంట కొట్టినప్పుడల్లా ఒక ఇంట్లో పని వదిలి ఇంకో ఇంటికి పరుగెత్తడమే.

మా అపార్ట్‌మెంట్లో వాచ్‌మన్ కుటుంబానికి సెల్లార్లో జనరేటర్ పక్కన ఒక గది ఇచ్చారు. అతని భార్యతో మొదట మాట్లాడుకున్నది మెట్లు ఊడ్చి తడిబట్ట పెట్టడం వరకే. తర్వాత ఒకరు కొత్తిమీర తెచ్చిపెట్టమన్నారు. ఇంకొకరు ఇస్త్రీ బట్టలు ఇచ్చి రమ్మన్నారు. పార్శిళ్ళు వస్తే పైకి చేర్చడం, ఒకరింట్లో పెద్దావిడని మధ్యాహ్నం చూసుకోవడం, ఇలా చేరుతూ పోయాయి. జీతం పెంచమని ఆమె అడిగినప్పుడు అసోసియేషన్ మీటింగు పెట్టారు. "గది ఊరికే ఇస్తున్నాం, కరెంటు మనదే, నీళ్ళు మనవే" అని ఒక్కొక్కటీ లెక్క కట్టారు. చివరికి తేలిందేమిటంటే, ఆవిడే మనకి బాకీ! నేనూ, మూడో అంతస్తు ఆంటీ కాదన్నాం, నెగ్గలేదు. ఆ కూర్చున్నవాళ్ళు దుర్మార్గులు కారు. పండక్కి ఆమెకి చీర పెట్టేవాళ్ళే. డాగ్‌విల్‌లో ఆ సమావేశం వస్తుంటే ఆ మొహాలన్నీ వరసగా కళ్ళముందు తిరిగాయి.

ఇక అసలు ప్రశ్న. చివర్లో గూండాల నాయకుడు వస్తాడు. ఆయన గ్రేస్ తండ్రి అని తెలుస్తుంది. కారులో ఇద్దరూ చాలాసేపు వాదించుకుంటారు. ఆమె దిగి, వెన్నెల్లో ఆ ఊరి మొహాలని ఒకసారి చూసి వచ్చి, అందర్నీ కాల్చి ఊరు తగలబెట్టమంటుంది. మా తమ్ముడు చప్పట్లు కొట్టాడు. నాకు చప్పట్లు రాలేదు గానీ గుండెల మీంచి ఏదో దిగినట్టయింది. మా ఆయన లేచి లైటు వేసి, "చంటిపిల్లని కూడా కాల్చారు, చూశారా లేదా?" అన్నాడు. ఆ మాటకి ముగ్గురం చాలాసేపు ఏమీ మాట్లాడుకోలేదు.

ఆ హాయి నాలో ఉన్నదేనా, లేక దర్శకుడు మూడు గంటలు నన్ను నొక్కిపట్టి తెప్పించిందా? తెప్పించి ఉంటే అది కళా, మోసమా? చూసినవాళ్ళు మీకేమనిపించిందో నిజం చెప్పండి.


రంగస్థలం తెనాలి (జవాబు)

రాధిక గారూ, మీ ఆయన మొదట పడ్డ ఇబ్బంది దగ్గర మొదలుపెడతాను, ఎందుకంటే మీ ప్రశ్నకి జవాబు అక్కడే ఉందని నా నమ్మకం.

నేను పరిషత్తు నాటకాలు ఆడినవాణ్ణి. చిన్నప్పుడు సురభి వాళ్ళ సెట్టింగులు నోరు తెరుచుకుని చూసినవాణ్ణి. తెర లేస్తే కోట, తెర లేస్తే అడవి. ఈ సినిమా దానికి పూర్తిగా ఎదురు. తలుపు ఉండదు, నటుడు ఉత్తిగాలిలో పిడి తిప్పుతాడు, కిర్రుమని చప్పుడొస్తుంది. పది నిమిషాలయ్యాక మనమే గోడలు కట్టేసుకుంటాం. ప్రేక్షకుడి చేత గోడ కట్టించాక ఆ దర్శకుడు ఏం చేస్తాడో చూడండి. తోట యజమాని చక్ తన ఇంట్లో గ్రేస్ మీద పడినప్పుడు కెమెరా వెనక్కి వస్తుంది. మధ్యలో అన్ని ఇళ్ళూ కనబడతాయి, వాటిలో మనుషులు తమ పనులు తాము చేసుకుంటూ ఉంటారు. మనకి కనబడేది వాళ్ళకి కనబడదు, మధ్యలో గోడ ఉంది కాబట్టి. కానీ గోడ లేదు! నిజమైన సెట్టు వేసి తీసి ఉంటే అది ఒక ఇంట్లో జరిగిన ఘోరంగా మిగిలేది. ఇక్కడ ఊరంతా చేసిన పని అయింది.

నేను కీచకవధలో విరాటుడి వేషం కట్టాను. సభలోకి సైరంధ్రి పరుగెత్తుకొస్తుంది, కీచకుడు వెంటపడి వచ్చి అందరి ముందూ కాలితో తంతాడు. విరాటుడు సింహాసనం మీద ఉంటాడు. ఆ కాసేపూ అతనికి చెప్పుకోదగ్గ మాటల్లేవు. కీచకుడికి చప్పట్లు, సైరంధ్రికి కన్నీళ్ళు, నాకేమో చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు. తల తిప్పుకుంటే పిరికివాడిలా ఉంటుంది, చూస్తూ కూర్చుంటే దుర్మార్గుడిలా ఉంటుంది. మా దర్శకుడు ఒకటే చెప్పాడు, "కిరీటం సర్దుకో, చాలు" అని. ఆ ఒక్క పనికే జనం నన్ను కీచకుడికన్నా ఎక్కువ అసహ్యించుకున్నారు. డాగ్‌విల్‌లో వెనకాల కనబడే నటులందరిదీ ఆ విరాటుడి పనే. ఒకరు బూడిద ఎత్తుతుంటారు, ఒకరు గాజుగ్లాసు తుడుస్తుంటారు.

కథ కూడా దగ్గరే కదా. తానెవరో చెప్పుకోకుండా వచ్చి, దాసీ పని చేసుకుంటూ, వెనక ఎంతటి బలం ఉన్నా పైకి చెప్పుకోలేని ఆడది. తిక్కన విరాటపర్వంలో కీచకుడు పోయాక అతని తమ్ముళ్ళు ఆమెని శవంతో పాటు కాల్చబోతే, భీముడు ఆ నూటైదుగురినీ చంపేస్తాడు. మా ఊళ్ళో నాటకం ఆడినప్పుడు ఆ చోట ఈలలు ఆగేవి కావు. ఎవరికీ తప్పనిపించలేదు. కాబట్టి మీకు కలిగిన హాయి మీలోదే, నాలోదీ, అనాదిగా ఉన్నదే. కాకపోతే భీముడు విరాటనగరాన్ని తగలబెట్టలేదు. సైరంధ్రి కూడా సుదేష్ణ పిల్లల్ని చంపమనలేదు. వాన్ ట్రియర్ ఆ గీత దాటాడు, మన ఈల ఏ చోట ఆగుతుందో చూద్దామని.

ఇంకో మాట. ఈ కథకి విత్తనం జర్మన్ నాటక రచయిత బ్రెష్ట్ 1928 నాటి త్రీపెన్నీ ఒపెరాలో ఉంది. అందులో సత్రంలో అంట్లు తోమే జెన్నీ పాట ఒకటి ఉంది. ఎనిమిది తెరచాపల ఓడ వస్తుంది, యాభై ఫిరంగులతో ఊరిని నేలమట్టం చేస్తుంది, ఎవరెవర్ని చంపమంటావని నన్నడుగుతారు, అందర్నీ అంటాను, అని. ఆ పిల్ల కల కనడంతోనే సరి. ఇక్కడ ఓడ నిజంగానే వచ్చింది.


స్వాతి ఎన్ (జవాబు)

నాకు ఈ సినిమా నచ్చలేదు. అర్థం కాక కాదు, బాగా అర్థమై నచ్చలేదు.

రంగస్థలం గారు చెప్పిన గోడల సంగతి ఒప్పుకుంటాను, అది గొప్ప ఆలోచనే. కానీ ఈ దర్శకుడి వరస చూడండి. 1996లో బ్రేకింగ్ ది వేవ్స్, 2000లో డాన్సర్ ఇన్ ది డార్క్, ఆ తర్వాత ఇది. మూడింటిలోనూ ఒక మంచి అమ్మాయి. ఎంత మంచిదంటే ఎదురు చెప్పదు, ఓర్చుకుంటూనే ఉంటుంది. ఆ ఓర్పుని చివరికంటా పిండి మనకి మానవ స్వభావం చూపిస్తాడు. మెత్తనివాళ్ళని చూస్తే మొత్తబుద్ధి అంటారు మా అమ్మమ్మ. ఆ బుద్ధి డాగ్‌విల్ ఊరివాళ్ళకే ఉందనుకోను, కెమెరా పట్టుకున్నవాడికీ ఉంది. (ఈ సినిమాకి కెమెరా చాలావరకు ఆయనే భుజాన వేసుకుని తిప్పాడు. ఆమె మొహానికి ఎంత దగ్గరగా వెళ్తాడో చూశారుగా.)

మెడకి ఇనుప పట్టీ, దానికో గంట, గొలుసుతో ఇనుప చక్రం. ఆ చక్రాన్ని ఈడ్చుకుంటూ ఆమె వీధిలో నడుస్తుంటే వెనకనుంచి కథ చెప్పే జాన్ హర్ట్ గొంతు ఎంతో తీయగా, తాతయ్య కథ చెప్పినట్టు చెబుతూ పోతుంది. ఊళ్ళో మగాళ్ళు రాత్రిపూట వస్తూ పోతూ ఉండడాన్ని కూడా అదే గొంతుతో పశువు పోలిక తెచ్చి సర్దేస్తుంది. అది ఊరివాళ్ళ మనసు, దర్శకుడి మాట కాదు అంటారు, తెలుసు. ఆ తేడా వల్ల తెర మీద ఉన్న అమ్మాయికి గానీ, చూస్తున్న ఆడపిల్లలకి గానీ ఒరిగేదేమిటి?

ఇంకొకటి నన్ను బాగా బాధపెట్టింది. ఊళ్ళో ఒలీవియా అని నల్లజాతి తల్లి ఉంది, ఆమె కూతురు జూన్ చక్రాల కుర్చీలో ఉంటుంది. 1930ల అమెరికాలో ఒక తెల్లవాళ్ళ ఊళ్ళో పని చేసుకుని బతికే మనిషి ఆ సమావేశంలో నోరు తెరిచి వద్దనగలదా? చెయ్యి ఎత్తకపోతే ఆ పూట ఆమె గతేమిటి? సినిమా ఆ ప్రశ్నే వెయ్యదు. అందరి లెక్కలో ఆమెనీ కలిపేసి, చివరికి అందరితో పాటు కాల్చేస్తుంది. రాధిక గారూ, మీ అసోసియేషన్ మీటింగులో మీరూ, ఆంటీ కాదన్నారు. నెగ్గకపోయినా అన్నారు. ప్రతి ఊళ్ళోనూ అలాంటివాళ్ళు ఇద్దరు ఉంటారు, దొడ్డిదారిన గ్లాసుడు మజ్జిగ ఇచ్చే ముసలమ్మ ఉంటుంది. వాళ్ళని తీసేసి ఊరు గీసి, ఇదే మనిషి అంటే నేనొప్పుకోను.

మీ ప్రశ్నకి జవాబు: నాకు హాయి కలగలేదు, కోపం వచ్చింది. ఆ కోపం డాగ్‌విల్ మీద కాదు.


నల్గొండ కుర్రాడు (జవాబు)

నలభై నిమిషాలు చూసి ఆపేశాను అన్నా, అక్కా. ఏమీ జరగట్లే. ఆ పిల్ల కూరగాయల మొక్కలకి మట్టి ఎగదోసుడు, గుడ్డివాడితో వెలుతురు గురించి ముచ్చట. ఇది చదివినంక మళ్ళ చూడాలనిపిస్తుంది. కానీ ముందు భాగం దూకించి పోలీసులు వచ్చే కాడ నుంచి చూస్తే నడుస్తదా?


రంగస్థలం తెనాలి (జవాబు)

దూకించకు తమ్ముడూ. ఆ గుడ్డి ముసలాయన జాక్, తనకి చూపు లేదన్న సంగతి ఊరికి తెలియనట్టు నటిస్తూ ఉంటాడు. గ్రేస్ వెళ్ళి కిటికీ తెర లాగి ఆయన చేత నిజం ఒప్పిస్తుంది. ఎంత ప్రేమగా చేసినా అది ఆయన అడిగిన పని కాదు. చివర్లో కారులో తండ్రి ఆమెతో అనే మాటలకి పునాది ఆ సీనే. సినిమా మొదట ఒక ముందుమాట, తర్వాత తొమ్మిది అధ్యాయాలు. ప్రతి అధ్యాయం ముందు జరగబోయేది రాసి చూపిస్తారు. ఏం జరుగుతుందో ముందే చెప్పేస్తున్నాడంటే, ఎలా జరుగుతుందో చూడమని. మొదటి నుంచీ చూడు.


గోథెన్‌బర్గ్ మురళి (జవాబు)

నేను ఉండేది స్వీడన్‌లో. ఈ రాకీ పర్వతాల ఊరిని గీసి సినిమా తీసింది మాకు ఉత్తరాన రైల్లో గంట కూడా పట్టని ట్రోల్‌హెట్టన్ అనే పట్నంలో, ఒక పెద్ద షెడ్డు లోపల. సాబ్ కార్ల ఊరుగా పేరు, ఆ కంపెనీ 2011 డిసెంబరులో దివాలా తీసింది. సినిమాలు ఎక్కువగా తీస్తారని ఆ ఊరిని సరదాగా ట్రోలీవుడ్ అంటారు. వాన్ ట్రియర్ అమెరికా గడప తొక్కని మనిషి, విమానమంటే భయం. దీని మీద 2003లో కాన్స్ సినిమా పండగలో పెద్ద గొడవే జరిగింది. చూడని దేశం మీద సినిమా ఏమిటని అమెరికా విమర్శకులు కొందరు మండిపడ్డారు. ఆ ఏడు పెద్ద బహుమతి స్కూల్లో కాల్పుల మీద తీసిన ఎలిఫెంట్‌కి వెళ్ళింది. డాగ్‌విల్‌కి దక్కినదల్లా ఆ పండగలో కుక్కల నటనకి ఇచ్చే పామ్ డాగ్, గీతగా గీసిన ఆ మోసెస్‌కి.

నేను ఈ సినిమాని మా ఆఫీసు వాళ్ళతో కలిసి చూశాను. స్వీడన్ వాళ్ళు ఇది తమ పల్లెటూళ్ళ గురించే అన్నారు. ఒకావిడ తను పెరిగిన ఊరి చర్చి సంఘం గురించి చెప్పుకొచ్చింది. మాలో ఉన్న అమెరికా అతను సినిమా అంతా కదలకుండా చూశాడు. పేర్లు పడేటప్పుడు మాత్రం లేచి నిలబడ్డాడు. డేవిడ్ బౌవీ పాట 'యంగ్ అమెరికన్స్' హుషారుగా మోగుతుంటే తెర మీద అమెరికా పేదవాళ్ళ నిజమైన ఫొటోలు వరసగా వస్తాయి. వాటిలో చాలా వాటిని తీసింది యాకబ్ హోల్ట్ అనే డెన్మార్క్ ఫొటోగ్రాఫర్. "ఇంతవరకూ నన్ను చూపించావని ఒప్పుకున్నాను, ఇప్పుడు వేలెత్తి చూపిస్తున్నావు" అన్నాడతను. అతని మాట నాకు సబబుగా తోచింది. ఊరు గీతలుగా ఉన్నంతసేపు అది ఎవరి ఊరైనా కావచ్చు. ఫొటోలు వచ్చాక ఒక్క దేశానిదైపోయింది, మిగతావాళ్ళం తప్పించుకున్నాం.

స్వాతి గారు చెప్పిన ఒలీవియా సంగతి నాకు తట్టనే లేదు. మళ్ళీ చూడాలి.


ఖమ్మం రాధిక (జవాబు)

అందరికీ థాంక్స్. ఈ ఆదివారం నేనొక్కదాన్నే మళ్ళీ చూశాను, కొన్ని చోట్ల ఆపి ఆపి.

రంగస్థలం గారూ, సైరంధ్రి మాట చదివినప్పటి నుంచీ ఇక వేరేలా చూడలేకపోయాను. కానీ మీతో ఒక చోట విభేదిస్తాను. మీ నాటకంలో ఈల వేసే మనిషి లెక్క కట్టడు, కోపంతో వేస్తాడు. ఇక్కడ మాత్రం మన చేత లెక్క రాయిస్తాడు. వేరా సంగతి చూడండి. వేరా అంటే చక్ భార్య, పిల్లల తల్లి. మొగుడు చేసిన దానికి గ్రేస్‌నే తప్పుపట్టి ఇంటికొస్తుంది. గ్రేస్ కూలి డబ్బుల్లోంచి కూడబెట్టి, ఊళ్ళో కొట్లో ఒక్కొక్కటే కొనుక్కున్న ఏడు పింగాణీ బొమ్మలు ఉంటాయి. ముందు రెండు పగలగొడతాను, నువ్వు ఏడవకుండా ఉంటే మిగతావి వదిలేస్తాను అంటుంది. వేరా పిల్లలకి చదువు చెప్పిందీ, కష్టానికి చలించకుండా నిలబడడం గురించి నేర్పిందీ గ్రేసే. ఆ పాఠమే తిప్పి కొడుతోంది. బొమ్మ నేలకేసి కొడుతుంటే గ్రేస్ మెడనరాలు బిగుసుకోవడం కనిపిస్తుంది, తర్వాత పెదవి ఒక పక్కకి లాక్కుపోతుంది, ఆగదు. ఏడుపొచ్చేస్తుంది. అన్నీ పోతాయి.

ఆ నిమిషాన నా మనసులో ఒక బాకీ రాసుకున్నాను. నాకు తెలుసు రాసుకున్నానని. చివర్లో గ్రేస్, వేరా ముందు పిల్లల్ని ఒక్కొక్కర్నే కాల్చమని, తల్లి ఏడుపు ఆపుకోగలిగితే ఆపేయమని చెప్పినప్పుడు నాలో చెల్లుకి చెల్లు అన్న మాట లేచింది. బొమ్మకి పిల్ల! నా హాయి ఎక్కణ్ణుంచి వచ్చిందో అప్పుడు దొరికింది. ఊరివాళ్ళు గ్రేస్‌కి వేసిన లెక్కా, మా అసోసియేషన్ వాచ్‌మన్ భార్యకి వేసిన లెక్కా, నేను వేరాకి వేసినదీ ఒకే పద్దు. ఎవరి దగ్గర ఎంత రావాలో రాసిపెట్టుకోవడం, వసూలు చేసేటప్పుడు న్యాయం చేస్తున్నామనుకోవడం. దర్శకుడు మోసం చేశాడనను. కానీ నా చేతికి పెన్ను ఇచ్చింది ఆయనే.

మోసెస్‌ని మాత్రం ఆమె వదిలేస్తుంది. ఊళ్ళో అడుగుపెట్టిన రాత్రి ఆకలికి ఆ కుక్క ఎముకే దొంగిలించింది కదా. "దాని కోపం దాని ఎముక తీసుకున్నందుకు" అంటుంది. ఊరంతటిలో ఆమె మీద కోపం రావడానికి నిజమైన కారణం ఉన్నది దానికొక్కదానికే! గీత పోయి నిజం కుక్క మొరగడం అప్పుడు చూస్తాం. రెండోసారి చూసినప్పుడు నాకు ఇదే బాగా పట్టుకుంది.

స్వాతి గారూ, ఒలీవియా విషయంలో మీరు చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. నేను రెండోసారి ఆమెనే చూస్తూ కూర్చున్నాను. సమావేశంలో ఆమె కూర్చునే చోటు, ఎవరెవరు మాట్లాడాక ఆమె వైపు చూస్తారో గమనించాను. ఆమెకి ఇచ్చిన మాటలు చాలా తక్కువ. సినిమాకి ఆమె గురించి కుతూహలమే లేదు. మజ్జిగ ఇచ్చే ముసలమ్మ లేదన్నది మాత్రం పూర్తిగా ఒప్పుకోలేను, ఎందుకంటే ఆ స్థానంలో టామ్‌ని పెట్టాడు. సానుభూతి చూపేవాడు, ప్రేమిస్తున్నానన్నవాడు, ఆమె మీద చెయ్యి వేయని ఒకే మగాడు. పారిపోవడానికి తండ్రి దగ్గర డబ్బు తెచ్చిచ్చి, ఆ నింద ఆమె మీద పడితే నోరు మెదపడు. ఆమె లొంగకపోయేసరికి తన మంచితనం మీద తనకే అనుమానం వస్తుంది. ఆ అనుమానం భరించలేక గూండాలకి ఫోన్ చేసేది వాడే. చక్‌ని గూండాలు చంపారు. టామ్‌ని గ్రేస్ తన చేత్తోనే కాల్చింది. ఆ తేడా ఆమెకి తెలిసే చేసింది.

అయితే పిల్లల దగ్గర నేను గ్రేస్ పక్షాన లేను, ఎన్నిసార్లు చూసినా ఉండను. నేను ఐదో తరగతికి చెప్తాను. వేరా కొడుకు జేసన్ లాంటివాడు నా క్లాసులో ప్రతి ఏడూ ఒకడు ఉంటాడు. నన్ను కొట్టు, కొట్టకపోతే కొట్టావని అమ్మకి చెప్తానంటాడే, ఆ పిల్లాడు. వాడి కళ్ళు చూస్తే భయమేస్తుంది, నిజమే. కానీ ఆ వయసుకి వాడు ఇంట్లో చూసిందే ఆడుతున్నాడు, ఇంకో పదేళ్ళు ఎవరి చేతిలో పడతాడో దాన్ని బట్టి ఉంటుంది. చంటిదానికి ఆ పాటి మాట కూడా అక్కర్లేదు. మా ఆయన లైటు వేసి అన్నది ఇదే. తమ్ముడు ఇంకా ఒప్పుకోవడం లేదు, ఊరంటే ఊరే అంటున్నాడు, వాడితో తగువు నడుస్తూనే ఉంది.

నల్గొండ తమ్ముడూ, మొదటి నుంచీ చూడు, ఒక్కడివే మాత్రం చూడకు. మురళి గారూ, దీని తర్వాతి భాగం మాండర్లే (2005) చూశారా? గ్రేస్‌గా కిడ్‌మన్ లేదని, బ్రైస్ డాలస్ హొవార్డ్ వేసిందని, బానిసత్వం గురించి అని తెలుసు. ఒలీవియా దగ్గర ఈ సినిమా వదిలేసిన ప్రశ్న అందులోనైనా ఎత్తుకున్నాడా?